ఎండవేళ రెండు ఖాళీ గడులు

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. మా ఆయన దాన్ని ఏడుపు అంటాడు. డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ నా మొహం చూసి, "ఏమే, ఇవాళ ఎవరి మీద ఏడుపు?" అని అడగడం ఆయనకు టీ అడిగినంత మామూలు. అడిగినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అడగని రోజున, చెప్పుకోవడానికి మనిషి లేడే అని ఇంకా మండుతుంది.

ఆయన అబూధాబీలో ఒక ఆసుపత్రిలో నర్సు. మాది కృష్ణా జిల్లా. ఆయనకు ఇక్కడ ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన వీసా మీద నేనూ వచ్చేశాను. అప్పటికి హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా కందిరీగల మీద పనిచేస్తున్నాను. "కందిరీగలకు కూడా పీహెచ్‌డీలు ఇస్తారా అమ్మా?" అని మా అత్తగారు నవ్వేవారు. కందిరీగలకు ఇవ్వలేదండీ, నాకిచ్చారు, అనేదాన్ని. దానికీ నవ్వేవారు.

ఒక కందిరీగల గూట్లో ఒక రాణి, ముప్పై నలభై పనికత్తెలు ఉంటాయి. చూడ్డానికి అన్నీ ఒక్కటే. ఏది ఏదో తెలియాలంటే ఒక్కోదాన్ని పట్టుకుని, అగ్గిపుల్ల కొన సన్నగా చెక్కి, దాంతో వీపు మీద రంగు చుక్క పెట్టాలి. రంగు ఎక్కువైతే రెక్కలు అంటుకుపోతాయి. తక్కువైతే మర్నాటికి ఊడిపోతుంది. ఆ పనిలో మా ల్యాబ్‌లో నన్ను మించినవాళ్లు లేరు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, నిజంగానే లేరు.

అక్కడికే నాకంటే ఎనిమిదేళ్లు చిన్నదైన ఒక అమ్మాయి చేరింది. కరీంనగర్ వైపు పిల్ల. మొదటి రోజే రెండు కందిరీగలు కుడితే, చెయ్యి బూరెలా పొంగినా నవ్వుతూ, "అక్కా, ఇవి నన్ను గుర్తువట్టినయ్" అంది. నా చేత్తో దాని వేళ్లు పట్టుకుని చుక్క పెట్టడం నేర్పాను. గూట్లోంచి రాణిని తీసేస్తే, ఆ తర్వాత ఏ పనికత్తె రాణి అవుతుందో ముందుగా కనిపెట్టడం మా ఇద్దరికీ ఆట. సమోసాలు పందెం. దాదాపు ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని. "నీ కళ్లు నాకు అప్పియ్యి అక్కా" అనేది సమోసా నా చేతిలో పెడుతూ. ఎంత ప్రయత్నించినా దానికి చెయ్యి కుదరలేదు. చివరికి కంప్యూటర్ ముందు కూర్చుని తెర మీద చుక్కల్ని పరుగెత్తించడం మొదలుపెట్టింది. ఒక్కో చుక్కా ఒక్కో పురుగట. "వీపు మీద పెట్టడం చేతకాక తెర మీద పెట్టుకుంటున్నావా తల్లీ?" అని ఆటపట్టించాను. అది కూడా నవ్వింది. ఆ నవ్వే నన్ను దాటుకుని వెళ్లిపోతుందని అప్పుడు నాకేం తెలుసు!

ఇక్కడికొచ్చాక ఒక విశ్వవిద్యాలయంలో పార్ట్‌టైమ్ పాఠాలు దొరికాయి. మొదటి సంవత్సరం పిల్లలకు జీవశాస్త్రం. నాకిచ్చిన బల్ల జిరాక్స్ మిషన్ పక్కన. కానీ క్యాంపస్ వెనకాల, కంచె లోపల, ఘాఫ్ చెట్లు, అంటే మన జమ్మి చెట్లే, నాటిన ఇసుక నేల ఒకటి ఉండేది. వాటి మొదళ్లలో మూడు చీమల గూళ్లు కనిపెట్టాను. పొడుగు కాళ్ల ఎడారి చీమలు. పాఠం అయిపోగానే అక్కడికెళ్లి గూటి నోటికి అడ్డంగా ఒక దారం పరిచి, అయిదు నిమిషాల్లో ఎన్ని చీమలు దాటి బయటికి పోతున్నాయో లెక్కపెట్టేదాన్ని. ఎవరూ అడగలేదు, ఎవరూ పొమ్మనలేదు.

లెక్కదేముంది, అసలు ప్రశ్న వేరే. గూట్లో ఆజ్ఞలిచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. రాణి గుడ్లు పెడుతుంది, అంతే. మరి ఇవాళ ఎంతమంది బయటికి పోవాలో, ఎప్పుడు ఆగాలో ఎవరు చెబుతున్నారు? ఒక చీమ మేతతో తిరిగొచ్చి గుమ్మంలో ఇంకోదాన్ని మూతితో తాకుతుంది. అలా తాకిడి ఎక్కువైతే లోపలివి బయల్దేరతాయి, తక్కువైతే కూర్చుంటాయి. చిన్న చిన్న తాకిళ్లు వేలకొద్దీ కలిసి ఊరంతటి నిర్ణయం అయిపోతాయి. దీన్ని సంక్లిష్ట వ్యవస్థ అంటారు. హైదరాబాద్‌లో క్యాంటీన్ బల్ల మీద ఉప్పూ కారం సీసాలు పెట్టి ఈ మాట ఆ అమ్మాయికి మొదట చెప్పింది నేనే.

కరోనా మొదటి ఎండాకాలం క్యాంపస్ మూసేశారు. మా ఆయన వారాల తరబడి ఆసుపత్రి క్వార్టర్లోనే. నేను ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నాను. నా గూళ్లు ఏమయ్యాయో తెలియదు. లోపలికి వెళ్లే అనుమతి చెట్లకు నీళ్లు పెట్టే కంపెనీ మనుషులకే ఉండేది. వాళ్లలో ఒకాయన జగిత్యాల దగ్గరి పల్లెటూరాయన, యాభై దగ్గర పడ్డవాడు, దుబాయ్ వచ్చి ఇరవై ఏళ్లు దాటిన మనిషి. బనియాస్‌లో కూలీల క్యాంపులో ఉండేవాడు. నేను ఇసుకలో బోర్లా పడుకుని చీమలు లెక్కపెడుతుంటే మొదటిసారి చూసి, "ఏమన్న పోయిందా మేడమ్, ఎతుకాల్నా?" అని అడిగింది ఆయనే. ఆయనకు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"గంటకోసారి పైపులు చూస్తందుకు గాడికే పోత గద మేడమ్. అయిదు నిమిషాలు నిలవడితే నాదేం పోతది?" అన్నాడు. ఒక్కో గూటికి ఒక వరస, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకొక గడి గీసి ఒక కాగితం నమూనా వాట్సాప్‌లో పంపాను. వెంటనే మళ్లీ ఫోన్ చేశాడు.

"మేడమ్, ఎండకాలం బ్రేక్ షురూ అయింది. పన్నెండున్నర నుంచి మూడు దాంక ఎవ్వలం బైట ఉండొద్దు. రూల్ గట్టిది, ముదీర్ ఊకోడు. ఒంటిగంట డబ్బ, రెండు గంటల డబ్బ ఖాళీ ఇడిసిపెడ్త. మీరు యాదికుంచుకోండ్రి."

ముదీర్ అంటే వాళ్ల మేనేజర్. ఈ దేశంలో ఆ రూలు తెలియనివాళ్లు ఉండరు. నడి ఎండలో బయట కూలి పని చేయించకూడదు. సరే అన్నా, అలాగే వదిలెయ్ అన్నాను. మూడు నెలలు రోజూ ఒక కాగితం ఫోటో వచ్చింది. నిలువు గీతలు నాలుగు, మీద అడ్డగీత ఒకటి, చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నట్టు. ఒక్క రోజు తప్పలేదు. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మొదటి పేజీలో, ఎవరు లెక్కపెట్టారు, ఎలా పెట్టారు, ఒంటిగంట, రెండు గంటల గడులు ఎందుకు ఖాళీగా ఉన్నాయి, అన్నీ రాసి పెట్టుకున్నాను. తర్వాత ఆ కంపెనీ ఆయన్ని తూర్పు తీరంలోని కల్బాకు పంపేసింది. వెళ్లేటప్పుడు ఒక సీసా మామిడికాయ పచ్చడి ఇచ్చాను. క్యాంపస్ తెరిచారు. పాఠాలు, పేపర్లు దిద్దడం, ఫైలు అలాగే ఉండిపోయింది.

రెండేళ్లకు ఆ అమ్మాయి వచ్చింది. అదే విశ్వవిద్యాలయానికి, అసోసియేట్ ప్రొఫెసర్‌గా. సంక్లిష్ట వ్యవస్థల మీద కొత్తగా పెట్టిన ల్యాబ్ మొత్తం దానిదే. కారిడార్లో నన్ను చూసి, అందరి ముందూ, "అక్కా!" అని అరిచి కౌగిలించుకుంది. పక్కనున్నవాళ్లకు, "నాకు పని నేర్పిన మనిషి" అని చెప్పింది. అంతకంటే పెద్ద శిక్ష ఉంటుందా? పని నేర్పిన మనిషి జిరాక్స్ మిషన్ పక్కన కూర్చుంది, నేర్చుకున్న మనిషికి కిటికీ ఉన్న గది ఇచ్చారు. అక్కా అని పిలిచినప్పుడల్లా ఒంట్లో కారం పూసినట్టుండేది. నువ్వు పెద్దదానివి, నువ్వే వెనకబడ్డావు అని అందరికీ చాటి చెప్పినట్టు.

ఆ కిటికీ మీద ఏడ్చాను. డీన్ దాని జోకుకు పడీపడీ నవ్వితే ఏడ్చాను. దాని బాల్కనీలో కరివేపాకు మొక్క గుబురుగా పెరిగిందని నాకో సంచీడు తెచ్చిస్తే ఇంటికొచ్చి మరీ ఏడ్చాను, మా మొక్క ఎండిపోయింది మరి. "నీ ఏడుపుకే చచ్చింది పాపం" అన్నాడు మా ఆయన. "మీరు నోరు మూసుకోండి" అన్నాను. ఆ కరివేపాకుతోనే చారు పెట్టాను. బాగానే ఉంది, అందుకు కూడా కోపమొచ్చింది.

ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. "అక్కా, నీ దగ్గర చీమల లెక్కలున్నయంట గద. నా మోడల్‌కు నిజం చీమలు కావాలె. ఇద్దరం కలిసి రాద్దాం. నాకు మూడేండ్ల కాంట్రాక్ట్. ఈ పేపర్ మీదనే రెన్యువల్ ఆధారపడి ఉంది" అంది. కాదనడానికి నాకు కారణం దొరకలేదు. ఆ సాయంత్రమే ఫైలు పంపాను. లెక్కలున్న పేజీలు పంపాను. మొదటి పేజీ పంపలేదు. మర్చిపోయాననే అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు మాత్రం ఆ మాట గట్టిగా అనలేను.

రెండు నెలల తర్వాత ల్యాబ్ మీటింగ్‌లో తెర మీద గ్రాఫ్ వేసింది. మూడు గూళ్లు, మూడు రంగుల గీతలు. పొద్దున్నే పైకి లేచాయి, పన్నెండు దాటగానే మూడూ ఒక్కసారిగా కింద సున్నాకు పడ్డాయి, మూడింటికి మళ్లీ లేచాయి. "చూడండి, మూడు గూళ్లకూ ఒకదానితో ఒకటికి సంబంధం లేదు. ఎవరూ చెప్పలేదు. అయినా ప్రతి ఊరూ ఒకే క్షణంలో తలుపులు మూసింది" అంది ఇంగ్లీషులో. తాకిళ్లు ఒక హద్దు కంటే తగ్గితే గూడు మొత్తం ఎలా ఒక్కసారిగా ఆగిపోతుందో ఆమె సమీకరణం చెబుతోంది. గ్రాఫ్ అచ్చు గుద్దినట్టు దానికి సరిపోయింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఎండకు చీమలు దాక్కుంటాయంటే ఎవరికి అనుమానం వస్తుంది?

నాకు మాత్రం తెలుసు. చీమలు ఆగాయో లేదో ఎవరికీ తెలియదు. చూసిన మనిషే లేడు. ఖాళీ గడిని ఆమె ప్రోగ్రామ్ సున్నా అనుకుంది, అంతే.

చెయ్యెత్తి ఒక్క మాట అంటే అయిపోయేది. "ఆగమ్మా, అవి ఖాళీలు" అనాలి. నాలుక చివరి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే డీన్ లేచి దానితో చెయ్యి కలిపాడు. నేను నోరు మూసుకున్నాను. కోపంలోనో తొందరలోనో జరిగిన పని కాదిది, తెలిసే మూసుకున్నాను. అచ్చు కానీ, పది దేశాల వాళ్లు చదవనీ, అప్పుడు ఎవడో ఒకడు అడుగుతాడు, అప్పుడు తెలుస్తుంది తెర మీద చుక్కలు వేరు, ఇసుకలో చీమలు వేరని. ఇలా అనుకుంటుంటే లోపల చల్లగా అనిపించింది. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ చల్లగానే అనిపించింది.

చివర్లో ఒక విద్యార్థి అడిగాడు, ఇన్ని లెక్కలు ఎవరు పెట్టారని. నేను చెప్పక తప్పలేదు. "క్యాంపస్‌లో నీళ్లు పెట్టే ఒక వర్కర్. ఇప్పుడు కల్బాలో ఉన్నాడు" అన్నాను. ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని నావైపు చూసి, ఏదో రాసుకుంది.

ఆ తర్వాత నాలుగు నెలలు అది పేపర్ రాసుకుంటూ పోయింది, నేను చూస్తూ కూర్చున్నాను. చిత్తుప్రతి పంపిన ప్రతిసారీ కామాలు దిద్ది వెనక్కి పంపాను. కామాలు! ఆదివారం ప్రార్థనలో మోకరించినా కళ్ల ముందు ఆ గ్రాఫే. మా ఆయనకు మాత్రం చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఆసుపత్రిలో తప్పు మందు ఎక్కుతోందని తెలిసి ఊరుకుంటే మమ్మల్ని ఏమంటారో తెలుసా?" అన్నాడు. "ఇక్కడ ఎవరూ చావడం లేదు" అన్నాను. "సరే మరి" అని అన్నం కలుపుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు ఎవరి మీద ఏడుపని అడగడం మానేశాడు.

పేపర్ పంపడానికి రెండు వారాల ముందు ఆమె ఫోన్ చేసింది. "అక్కా, ఆదివారం కల్బా పోదాం. ఎండల నిలబడి లెక్కపెట్టిన మనిషి. పేపర్ల ఆయన పేరు ఉండాలె గద. ఆయనను అడగకుంట ఎట్ల పెడతం?"

పనుందన్నాను. ఇంకో ఆదివారం వెళ్దామంది. ఆయనకు తీరికుండదేమో అన్నాను. అప్పటికే ఆయన నంబరు కంపెనీ నుంచి కనుక్కుని మాట్లాడేసిందట. ఇంకేం చెప్పను?

కారు అదే నడిపింది. దారంతా ఏదేదో చెబుతూనే ఉంది, నేను ఊ కొడుతున్నాను. ఆయన ఖాళీ గడుల సంగతి ఎత్తకపోవచ్చు, ఇంగ్లీషు పేపర్ ఆయనకేం తెలుసు, పేరు రాయించుకుని టీ తాగి వచ్చేస్తాం అని నాకు నేనే ధైర్యం చెప్పుకుంటున్నాను. ధైద్ ఊరు దాటాక పెట్రోల్ బంకులో ఆగి కరక్ చాయ్ తెచ్చింది. కప్పు నా చేతికిస్తూ, "నీకో మాట చెప్పలేదు. మొదటి పేరు నీదే పెట్టిన" అంది.

"ఏంటీ?"

"పేపర్ల. మొదటి పేరు నీది, రెండోది నాది. చూపు నీది అక్కా. నేను లెక్కలు కట్టిన, అంతే. అది చూసి నీకు పర్మనెంట్ పోస్ట్ ఇయ్యాలని డీన్‌కు కూడా రాసిన. ఉత్తరం పంపేసిన."

చాయ్ నాలుక మీద చుర్రుమంది. ఆ క్షణంలో చెప్పాలి. అప్పుడే చెప్పాలి. కానీ ఇప్పుడు చెబితే, నా పేరు మీదికి వచ్చింది కాబట్టే చెప్పానని దానికి తెలిసిపోదూ? నాలుగు నెలలు ఎక్కడికి పోయావక్కా అని అడగదూ? ఇంతలో ఇంకొకటి కూడా తగిలింది నాకు. నేను దాన్ని పడదోద్దామని చూస్తుంటే, అది నన్ను పైకి లాగడానికి చూస్తోంది. ఇందులోనూ అదే నాకంటే ఎక్కువైంది! మంచితనంలో కూడా నన్ను గెలవనివ్వదా అని అసూయపడ్డాను. అవును, అప్పుడు కూడా. చాయ్ బాగుందన్నాను.

కొండల్లో సొరంగాలు దాటి మధ్యాహ్నానికి కల్బా చేరాం. ఆయన రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. జుట్టు పూర్తిగా తెల్లబడింది. దగ్గర్లోని కేఫ్‌టీరియాలో కూర్చోబెట్టి, వద్దంటున్నా పరోటాలు చెప్పాడు. నన్ను అడిగిన మొదటి మాట, "చీమలు మంచిగున్నయా మేడమ్?"

ఆ తర్వాత ఆమె వైపు తిరిగి, "ఏ ఊరు బిడ్డా?" అన్నాడు. ఊరు చెప్పింది. ఆయన మేనత్తను ఇచ్చింది ఆ పక్క ఊరికేనట. రెండు నిమిషాల్లో ఆయన కాకా అయిపోయాడు, ఇది బిడ్డ అయిపోయింది. మక్కగట్క అంటారు, ఇద్దరూ నవ్వుతారు. సర్వపిండి అంటారు, మళ్లీ నవ్వుతారు. మూడు నెలలు రోజూ కాగితాలు పంపినా నేను ఆయనకు మేడమ్‌నే. పరోటా తుంచుకుంటూ దానికీ ఏడ్చాను.

పేరు సంగతి చెబితే ఆయన చాలాసేపు నమ్మలేదు. "నాదా? పుస్తకంలనా?" అన్నాడు. "నీదే కాకా. ఏం కనిపెట్టినవో చూపిస్త ఆగు" అని ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి ఆయన ముందుకు తిప్పింది. నేను నీళ్ల గ్లాసు పట్టుకున్నాను.

"గివి నువ్వు లెక్కవెట్టిన చీమలు. పొద్దుగాల గిట్ల బైటికొచ్చినయ్. పన్నెండు దాటంగనే చూడు, అన్ని ఒక్కపారే లోపటికి పోయినయ్. మూడింటికి మళ్ల వచ్చినయ్."

ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, వేలితో గీత వెంట మెల్లగా పోయాడు. కింద సున్నా దగ్గర వేలు ఆగింది. నవ్వాడు.

"లోపటికి పోయింది చీమలు గాదు బిడ్డా, మేము."

"ఆఁ?"

"పన్నెండున్నరకు బ్రేక్ గద మాకు. మూడు దాంక ఖలాస్, ఒక్కడు బైట కనవడొద్దు. గందుకే గా రెండు డబ్బలు ఖాళీ ఇడిసిన. చీమలు ఉన్నయో లేవో నాకేం ఎర్క? మేడమ్‌కు మొదటి దినమే చెప్పిన. చెప్పిన గద మేడమ్?"

ఇద్దరూ నా వైపు చూశారు. ఆయన చూపులో ఏమీ లేదు, మాట సాయం అడుగుతున్నాడు అంతే.

"చెప్పావన్నా" అన్నాను.

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ మూసింది. చప్పుడు కాకుండా మూసింది. ఆ తర్వాత కూడా ఆయనతో నవ్వుతూనే మాట్లాడింది, పేరు ఎలా రాయాలో కాగితం మీద రాయించుకుంది, పరోటా మొత్తం తినేసింది. బయల్దేరేటప్పుడు ఆయన నాకు ఒక సంచీ ఇచ్చాడు. పచ్చడి సీసా. మూడేళ్ల కిందటిది, కడిగి, తుడిచి, లోపల ఖర్జూరాలు పోసి తిరిగి ఇస్తున్నాడు.

సొరంగాలన్నీ దాటాం. ఎడారి మొదలయ్యాక, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా అడిగింది.

"ఎప్పటి నుంచి తెలుసు అక్కా?"

అబద్ధాలు చాలా సిద్ధంగా ఉన్నాయి. మర్చిపోయాను, గమనించలేదు, వయసైపోయింది. ఏదో ఒకటి అనొచ్చు.

"నువ్వు మీటింగ్‌లో గ్రాఫ్ వేసిన రోజు నుంచీ" అన్నాను.

అరుస్తుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. కారు వేగం కాస్త తగ్గించి, "వేరేవాళ్ల లెక్కలైతే నేను పదిసార్లు చూసేదాన్ని. ఖాళీలు ఎందుకున్నాయని అడిగేదాన్ని. నీవి కాబట్టి చూడలేదు" అంది. అంతే. ఏ యాసా లేకుండా, క్లాసులో పాఠం చెప్పినట్టు అంది. మా ఇంటి ముందు దింపి, నేను సంచీ తీసుకునేదాకా ఆగి వెళ్లిపోయింది.

పేపర్ ఆపేసింది. కాంట్రాక్టు మూడేళ్లకు బదులు ఒక్క ఏడాదికి పొడిగించారు. నా ఉద్యోగం గురించి డీన్‌కు రాసిన ఉత్తరాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేదు. తీసుకుని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. పోస్టు రాలేదు, అది వేరే సంగతి.

ఆ తర్వాతి ఎండాకాలం ఎవరూ అడగకుండానే నేను వెళ్లి కూర్చున్నాను. ఒంటిగంటకు ఒకసారి, రెండింటికి ఒకసారి. మేస్త్రీలకు, కూలీలకు ఉన్న రూలు నాకు లేదు. గొడుగు, తడి తువ్వాలు, చల్లటి నీళ్లు. "మేడమ్, అందర్ జాయియే, మర్ జాయేంగే" అని, లోపలికి పోకపోతే చచ్చిపోతారని సెక్యూరిటీ ఆయన రోజూ హిందీలో అరిచేవాడు. ఇన్నేళ్లు చీమల మనిషినని చెప్పుకున్నదాన్ని, జూలై నడి ఎండలో గూటి ముందు కూర్చోవడం అదే మొదటిసారి. గీత సున్నాకు పడలేదు. సగానికి పైగా చీమలు లోపలే ఉన్నాయి, నిజమే. కానీ కొన్ని బయటికి వస్తూనే ఉన్నాయి, పొడుగు కాళ్లెత్తి, కాలే ఇసుకను తాకీ తాకకుండా పరుగు. ఎండకు చచ్చిన పురుగుల్ని ఈడ్చుకుంటూ గూటికి చేరుతున్నాయి. అన్నీ ఒక్కసారి ఆగడం కంటే ఇదే గొప్ప సంగతి. కొన్ని ఎందుకు ఆగవు? ఎవరు పొమ్మన్నారు వాటిని?

ఎండాకాలం అయిపోయాక లెక్కలన్నీ పంపాను. ఈసారి మొదటి పేజీతో సహా. జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. "లెక్కలు అందాయి. థాంక్యూ మేడమ్."

ఆ చివరి మాట ఎన్నిసార్లు చదువుకున్నానో. అక్కా అంటే మంటెత్తిపోయేదాన్ని కదా. ఇప్పుడు ఆ పిలుపు కోసం కారిడార్లో నిలబడతాను. అది ఎదురొస్తుంది, మర్యాదగా తల ఊపుతుంది, వెళ్లిపోతుంది. పేపర్ వచ్చింది. మొదట ఆమె పేరు, తర్వాత ఆయన పేరు, చివర నాది. మొదటిదానికంటే బాగుంది పేపర్, నా కడుపు మండేంత బాగుంది.

మొన్న ఆదివారం కల్బా నుంచి ఆయన ఫోన్ చేశాడు. తన పేరున్న పేజీకి ఫ్రేమ్ కట్టించి గదిలో పెట్టుకున్నాడట. ఊరికి కూడా ఒకటి పంపించాడట. మాటల్లో, "నిన్న బిడ్డ ఫోన్ జేసింది మేడమ్. వారం వారం జేస్తది. గంటసేపు ముచ్చట పెట్టింది" అన్నాడు.

ఊరుకోవాల్సింది. ఊరుకోలేకపోయాను.

"నా గురించి ఏమైనా అడిగిందా అన్నా?"

అబద్ధం ఆడడం తెలియని మనిషి.

"లే మేడమ్. అడగలే."